తీర్పు మీద కోపం ఉంటే ఉండనివ్వండి, కోర్టును మాత్రం ఎవరి చేతికీ చిక్కనివ్వకండి!

మండవల్లి మండల ప్రజలకు, లంక గ్రామాల వాసులకు, చేపల రైతులకు, కూలీలకు, యువతీ యువకులకు విజ్ఞప్తి



ఎన్నికలు దగ్గరపడితే కొల్లేటి గట్ల మీదికి కార్లు వస్తాయి. ఏ జెండా కట్టుకొచ్చినా దిగినవాళ్లు చెప్పే మాట ఒక్కటే. "కోర్టు మీ పొట్ట కొట్టింది. మమ్మల్ని గెలిపించండి, ఐదో కాంటూరు దాకా ఉన్న అభయారణ్యం హద్దును మూడో కాంటూరుకు దించేస్తాం." మనం చప్పట్లు కొడతాం. కార్లు వెళ్లిపోతాయి. 2006 నుంచీ ఇదే వరస. కాంటూరు మాత్రం అంగుళం కదల్లేదు.

ఎందుకు కదల్లేదో ఆ కార్లలో వచ్చినవాళ్లు చెప్పరు. చెబితే వాళ్ల పని ఎంత మిగిలిపోయిందో బయటపడుతుంది. అందుకే ఈ కరపత్రం వేశాం. మేం ఏ పార్టీ తరఫునా రాలేదు. మాలో చెరువులు పోగొట్టుకున్నవాళ్లున్నారు, చెరువులు కొట్టేయాల్సిందేనని వాదించినవాళ్లూ ఉన్నారు. కొల్లేటి విషయంలో మాలో మాకే పొత్తు కుదరదు. ఒక్క మాట దగ్గర మాత్రం అందరం కలిశాం. ఇవాళ మన కోసం కోర్టు మెడలు వంచుతానన్నవాడు, రేపు మన మీదికి వచ్చినప్పుడు అదే కోర్టును అడ్డు లేకుండా చేసుకుంటాడు. అందుకని కోర్టు మనకు నచ్చని తీర్పు చెప్పినా సరే, అది ఎవరికీ లొంగకుండా ఉండేలా చూసుకోవాల్సింది మనమే.

కొల్లేటిలో ఎవరు ఏం చేశారు?

1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా ప్రభుత్వమే ముందుకొచ్చి లంకల్లోని మత్స్యకారులతోనూ దళితులతోనూ సహకార సంఘాలు పెట్టించి సరస్సులో చేపల చెరువులకు దారి తీసింది. పేదవాడి పేరున తవ్విన చెరువు ఆ తర్వాత ఎవరి చేతికి పోయిందో, లీజులు ఎవరు రాయించుకున్నారో, బినామీలెవరో ఈ మండలంలో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ పేర్లు రాయడానికి ఈ కాగితం చాలదు, మాకు ధైర్యమూ చాలదు.

1999 అక్టోబరు 4న రాష్ట్ర ప్రభుత్వం 120 నంబరు జీవో ఇచ్చింది. ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. ఇక్కడ కాస్త ఆగి చదవండి. ప్రకటించింది ప్రభుత్వం. ఏ జడ్జీ కొల్లేటికి వచ్చి గీత గీయలేదు. 2002లో ఇదే సరస్సు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. పంపింది కూడా ప్రభుత్వాలే.

ఒకవైపు జీవో ఇచ్చారు, మరోవైపు జీవో గీత లోపలే కొత్త గట్లు లేస్తుంటే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు కొందరు పౌరులు కోర్టుకెళ్లారు. 2001లో హైకోర్టు ఆ జీవోను అమలు చేయమంది. చేయలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్ర సాధికార కమిటీ వచ్చి చూసి నివేదిక ఇచ్చింది. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశం వెలువడింది. ఆ వేసవిలో పొక్లెయిన్లు గట్లెక్కాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేసిన ఆ పనికి 'ఆపరేషన్ కొల్లేరు' అని పేరు. మన కళ్ల ముందే గట్లు తెగిపోయాయి. అప్పులు చేసి పిల్ల వదిలినవాళ్లు ఆ నీళ్లతోపాటే కొట్టుకుపోయారు. ఆ కష్టాన్ని మేం చిన్నది చేయడం లేదు. అది మా ఇళ్లలోకీ వచ్చింది.

అయితే ఆ వేసవిలో కోర్టు చేసిన పనేమిటి? ప్రభుత్వం తన సొంత జీవోను తానే తొక్కేస్తుంటే, "నువ్వు రాసిందేగా, పాటించు" అంది. అంతే. ఇవాళ జడ్జీని తిట్టే నాయకుడు ఆ జీవో మీద ఎవరి సంతకం ఉందో చెప్పడు.

2008లో శాసనసభ తీర్మానం చేసింది, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని. మనం సంబరపడ్డాం. కానీ ఆ నాటికే చట్టం వేరుగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 26ఎ సెక్షన్ ఉంది. అభయారణ్యం హద్దులు మార్చాలంటే ఒకప్పుడు రాష్ట్ర శాసనసభ తీర్మానం సరిపోయేది. 2002లో పార్లమెంటు ఆ సెక్షన్ను సవరించింది. అప్పటి నుంచీ జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే హద్దు జరగదు. దానిపైన 2000 నవంబరులో సుప్రీంకోర్టు దేశంలోని అభయారణ్యాలన్నిటికీ వర్తించేలా ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. దాని ప్రకారం కోర్టు అనుమతి కూడా కావాలి. అంటే 2008లో తీర్మానానికి చెయ్యెత్తిన ఎమ్మెల్యేలకు ఆ చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో తెలిసి ఉండాలి. తెలియకపోతే అజ్ఞానం, తెలిసీ మనకు చెప్పకపోతే మోసం. తర్వాత కేంద్రం కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం డైరెక్టరు డాక్టర్ పి.ఎ. అజీజ్ నాయకత్వాన కమిటీ వేసింది. ఆ కమిటీ కుదింపు కుదరదంది. 2025లోనూ వ్యవహారం సుప్రీంకోర్టు ముందే ఉంది. ఈసారి కోర్టు ధిక్కార పిటిషన్ రూపంలో.

మరి మనకు న్యాయం జరగాల్సింది ఎక్కడ? అదే చట్టంలో. 19వ సెక్షన్ నుంచి 25వ సెక్షన్ దాకా చదివించుకోండి. అభయారణ్యం ప్రకటించాక ఆ హద్దులో ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించాలి. ఆ సంగతి ఊళ్లలో ప్రజల భాషలో చాటించాలి. మన దావాలు తీసుకోవాలి. దావా నిజమైతే ఆ భూమిని హద్దులోంచి తప్పించాలి, లేదా పరిహారమిచ్చి తీసుకోవాలి, లేదా కొన్ని హక్కులను కొనసాగనివ్వాలి. 2002 సవరణతో వచ్చిన 25ఎ సెక్షన్ ఈ పనంతా వీలైనంతవరకు రెండేళ్లలో ముగించమంటోంది. జిరాయితీ భూమికి పరిహారం, డి ఫారం పట్టాదారుకు దారి, వేటే బతుకైన లంకవాసి హక్కు, ఈ మూడూ తేలాల్సింది కలెక్టరు కార్యాలయంలో. అది జడ్జీ రాసే తీర్పు కాదు, అధికారి చేయాల్సిన విచారణ. ఆ పని ఎంతవరకు వచ్చిందని ఏ బహిరంగ సభలోనైనా ఎవరైనా లెక్క చెప్పగా విన్నారా?

కాంటూరు గురించి అరవడం తేలిక. సర్వే నంబరు వారీగా హక్కుల రిజిస్టరు తయారు చేయడం కష్టం. అందుకే మనకు అరుపులు దొరుకుతున్నాయి, రిజిస్టరు దొరకడం లేదు.

ఎవరి పని వారిదైతేనే

చట్టం చేసేది శాసనసభ, పార్లమెంటు. అమలు చేసేది ప్రభుత్వం. ఇద్దరిలో ఎవరు గీత దాటినా చెప్పేది కోర్టు. బళ్లో చదువుకున్న పాఠమే. డెల్టా రైతుకు పాఠం కూడా అక్కర్లేదు. కాలువ లాకు తాళం లస్కరు దగ్గర ఉంటుంది గానీ ఎగువ రైతు దగ్గర ఉండదు. లస్కరు మీద మనకు వంద ఫిర్యాదులుంటాయి. తాళం తీసి ఎగువవాడి చేతికిమ్మని మాత్రం దిగువన ఉన్నవాడెవడూ అడగడు.

ఒకప్పుడు తాళం ఎగువవాడి చేతిలోనే ఉండేది. బ్రిటిష్ వాళ్ల కాలంలో శిస్తు వసూలు చేసే తహసీల్దారే మేజిస్ట్రేటు కూడా. శిస్తు కట్టలేదని నీ మీద కోపమొచ్చినవాడే నీ కేసు వినేవాడు. అందుకే రాజ్యాంగం 50వ అధికరణంలో, న్యాయశాఖను పాలనా యంత్రాంగం నుంచి వేరుచేయమని రాశారు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దేశమంతటా జ్యుడిషియల్ మేజిస్ట్రేట్లను హైకోర్టు కిందికి తెచ్చింది. పాత పద్ధతి తోక మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఎన్నికల ముందు మన కుర్రాళ్లను పిలిపించి బైండోవర్ రాయించుకునేది ఎవరు? తహసీల్దారు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో. పాత చట్టంలో 107, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 126. పోలీసు రాసిచ్చిన పేర్లు, పాలనాధికారి పెట్టించే సంతకం. ఆ ఆఫీసు వరండాలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డ కుర్రాణ్ణి అడగండి, అధికారం న్యాయం ఒకే కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో చెబుతాడు.

ఇంకో ఉదాహరణ మన రాష్ట్రానిదే, దేశమంతా లా కాలేజీల్లో చదువుకుంటారు, మనకే తెలియదు. 1972-73 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. ప్రభుత్వోద్యోగుల తగాదాలకు ట్రిబ్యునల్ పెట్టారు. బాగానే ఉంది. కానీ అందులో ఒక మెలిక పెట్టారు. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో దాన్ని మార్చెయ్యొచ్చు, కొట్టెయ్యొచ్చు కూడా. ఉద్యోగి ప్రభుత్వం మీద కేసు వేస్తాడు, గెలుస్తాడు. ఓడిన ప్రభుత్వం తీర్పు కాగితం చింపేస్తుంది! పి. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మెలికను కొట్టేసింది. రాజ్యాంగ సవరణతో చేర్చిన మాట అయినా సరే, రాజ్యాంగం మూలస్వరూపాన్ని దెబ్బతీస్తోంది కాబట్టి చెల్లదంది. రిటైరైన మాస్టారు గారో పంచాయతీరాజ్ ఇంజనీరు గారో మీ వీధిలో ఉంటే అడగండి, ట్రిబ్యునల్ అంటే వాళ్లకు ఏమిటో.

కోర్టు అన్నిటికీ అడ్డుపడుతుందనే మాటా అబద్ధమే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు దించింది. 1984 జనవరిలో ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను తీసేసింది. వంశపారంపర్యంగా వచ్చిన ఆ పదవులు పోయిన రోజు ఈ పల్లెల్లో కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదు, కొన్ని ఇళ్లలో పాయసం వండుకున్నారు. రెండు నిర్ణయాల మీదా సుప్రీంకోర్టుకెళ్లారు. 1985లో రెండు కేసుల్లోనూ ప్రభుత్వమే గెలిచింది. అది విధాన నిర్ణయం, ప్రజలు ఎన్నుకున్నవాళ్లు తీసుకోవాల్సింది, మేం వేలు పెట్టం అంది కోర్టు. ఆ మరుసటేడాదే సాంబమూర్తి కేసులో వేలు పెట్టింది. అప్పుడు గీత దాటింది ప్రభుత్వం కాబట్టి.

పంచాయతీ గోడ దాకా వచ్చిన రాజ్యాంగం

ఢిల్లీ కబుర్లు మనకెందుకంటారా? మన పంచాయతీ ఆఫీసు గోడ చూద్దాం. 2019 తర్వాత రాష్ట్రంలో ఊరూరా ఆ గోడలకు అధికార పార్టీ జెండా రంగులు పడ్డాయి. 2020 మార్చిలో హైకోర్టు తీసేయమంది. ప్రభుత్వం పాత రంగులకు మట్టిరంగు ఒకటి కలిపి కొత్త జీవో తెచ్చింది. మేలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. రంగుకు ఇంత రభసా అనిపించొచ్చు. ఆ గోడ ఊరందరి డబ్బుతో కట్టింది. ఓటు వేయనివాడు కూడా అర్జీ పట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలి. జెండా ఆ గుమ్మానికి కట్టేశాక అతనికి ఆ మెట్లు ఎంత ఎత్తు అవుతాయో ఆలోచించండి.

అదే ఏడాది మార్చిలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ పదవి కాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. ఆయన ఇంటికెళ్లిపోయినట్టే అయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. చివరికి 2021 జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలు ఆపడానికి నిరాకరించాక ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఊళ్లో ఎవరు సర్పంచి కావాలో ఓటుతో తేల్చుకునే రోజు కోర్టు మెట్ల మీదుగా వచ్చింది.

ఇప్పుడు ఇంకో పక్క కూడా చూడాలి. అమరావతి కేసులో 2022 మార్చి 3న హైకోర్టు, రాజధాని మార్చే అధికారం శాసనసభకు లేదంది. నెలల గడువులు పెట్టి నిర్మాణాలు పూర్తి చేయమంది. అదే నెలలో శాసనసభలో దాని మీద చర్చ జరిగింది. హైకోర్టు గీత దాటిందన్నారు. 211వ అధికరణం ప్రకారం జడ్జీల ప్రవర్తనను శాసనసభలో చర్చించకూడదు. అయినా తీర్పు తప్పంటే వెళ్లాల్సిన చోటు ఒకటుంది. అక్కడికీ వెళ్లారు. 2022 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆ గడువుల ఆదేశాల మీద స్టే ఇచ్చింది. ఊళ్లు ఎలా కట్టాలో చెప్పే ఇంజనీరు పని కోర్టు చేయొచ్చా అన్న ధోరణిలో ప్రశ్నించింది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారిది. మాకు కావాల్సింది ఒక్కటే. కోర్టు తప్పు చేస్తే పై కోర్టు దిద్దింది. మంత్రి దిద్దలేదు, గుంపు దిద్దలేదు, ఫేస్‌బుక్ దిద్దలేదు.

ఫేస్‌బుక్ అన్నాం కాబట్టి ఒక మాట. హైకోర్టు జడ్జీల మీద బూతులు రాసిన పోస్టుల సంగతి 2020 అక్టోబరులో సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది. రాయించినవాళ్లు ఏసీ గదుల్లో ఉంటారు, ఫోన్లో పంచినవాడు మన మండలం కుర్రాడై ఉంటాడు. తీర్పును విమర్శించడం తప్పు కాదు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టమే సద్విమర్శ ధిక్కారం కాదంటోంది. ఈ కరపత్రంలో మేమూ విమర్శిస్తున్నాం. జడ్జీ కులం, జడ్జీ ఇల్లాలు, జడ్జీ బిడ్డల జోలికి పోవడం విమర్శ కాదు. అది మరోసారి మన గురించి తీర్పు రాసేటప్పుడు అతని చెయ్యి వణకాలని చేసే పని.

జడ్జీలకూ ఒక మాట

న్యాయమూర్తులందరూ దేవతలని మేం చెప్పం. కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్లు మాలోనూ ఉన్నారు. తాత వేసిన దావాకు మనవడు హాజరవుతున్న ఇళ్లున్నాయి. స్వతంత్రంగా ఉండడం ఎంత అవసరమో త్వరగా తేల్చడం అంతే అవసరం. రాష్ట్ర హైకోర్టుకు మంజూరైన జడ్జీల పదవులు 37. ఖాళీ అయిన ప్రతి కుర్చీ వెనకా వాయిదాలు పేరుకుంటాయి. జడ్జీలను ఎంపిక చేసే సీనియర్ జడ్జీల బృందం, అంటే కొలీజియం, సిఫారసు చేసిన పేర్లు ఢిల్లీలో ఫైళ్ల కింద నెలల తరబడి ఆగడం కూడా కోర్టు చెయ్యి మెలిపెట్టడమే. చప్పుడు లేని పద్ధతి.

గోదావరి గడ్డ నుంచి దేశానికి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లినవారు కోకా సుబ్బారావు. రాజమహేంద్రవరం ఆయనది. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటుకైనా ప్రాథమిక హక్కులను తీసేసే అధికారం లేదని తీర్పిచ్చిన ధీశాలి. మేం గర్వపడతాం. ఏప్రిల్‌లో ఆయనే రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. ఓడిపోయారు. గెలిచినా ఓడినా, కుర్చీ దిగిన వెంటనే రాజకీయ పందెంలో నిలబడడం మాకు మింగుడు పడదు. అంతటి తీర్పు మీద కూడా అనుమానపు నీడ పడే అవకాశం ఇచ్చారు.

మన పాత కృష్ణా జిల్లా మనిషి జాస్తి చలమేశ్వర్. 2015లో జడ్జీల నియామక కమిషన్ చట్టాన్ని నలుగురు జడ్జీలు కొట్టేస్తే ఆయనొక్కరే కాదన్నారు. జడ్జీలను జడ్జీలే ఎంచుకునే పద్ధతిలో బయటివాడికి ఏమీ కనబడదన్నది ఆయన బాధ. 2018 జనవరి 12న ముగ్గురు తోటి న్యాయమూర్తులతో కలిసి పచ్చిక మీద కుర్చీలు వేయించి పత్రికల ముందుకొచ్చారు. సుప్రీంకోర్టులో కేసులు ఎవరికి ఎలా కేటాయిస్తున్నారో చూడండని దేశానికి చెప్పారు. ఆ నలుగురిలో ఒకరైన రంజన్ గొగోయ్ తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 2019 నవంబరులో రిటైరయ్యారు, నాలుగు నెలలకు రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మన రాష్ట్రానికే 2023 ఫిబ్రవరిలో గవర్నరుగా వచ్చిన ఎస్. అబ్దుల్ నజీర్ గారు అంతకు ముందు నెలలో సుప్రీంకోర్టు నుంచి దిగినవారే. వారి యోగ్యత మీద మాకు పేచీ లేదు, పద్ధతి మీద ఉంది. దిగిన జడ్జీకి ప్రభుత్వం ఇవ్వగల పదవి కనబడుతుంటే, దిగబోయే జడ్జీ మీద కక్షిదారుడికి నమ్మకం ఎలా కుదురుతుంది? కనీసం కొన్నేళ్ల విరామం పెడుతూ పార్లమెంటు చట్టం చేయాలి.

లొంగిన కోర్టు ఎలా ఉంటుందో ఈ దేశం ఒకసారి చూసింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీల్లో ఏడుగురు, మన తెలుగువారైన పి. జగన్మోహన్ రెడ్డి గారితో సహా, రాజ్యాంగ మూలస్వరూపం జోలికి పోవద్దని ప్రభుత్వానికి చెప్పారు. వెంటనే ఆ తీర్పులో తమకు అడ్డొచ్చిన ముగ్గురు సీనియర్లను దాటేసి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది ఇందిరాగాంధీ ప్రభుత్వం. మూడేళ్లు గడిచాయి. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకు కూడా రాలేరని అదే ప్రధాన న్యాయమూర్తి ఆధ్వర్యంలో నలుగురు తీర్పిచ్చారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి జనవరిలో ఆయన్నూ దాటేశారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే గట్టిగా చెప్పి కొట్టేయడానికి 2017 వచ్చింది. జైల్లో గడిచిన రోజులు ఎవరికీ తిరిగి రాలేదు.

మరి మనం ఏం చేయాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటిలో కలిసినప్పుడు పెనుమాకలంక, నందిగామలంక దారులు నీళ్లలో మునిగాయి. ఆ నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవడం ఎందుకంత ఆలస్యమైందో, గట్లు ఎక్కడ అడ్డమో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డమో కళ్లతో చూశాం. మనకు సరస్సు కావాలి, బతుకుతెరువూ కావాలి. రెండిటికీ దారి చూపే పని శాసనసభది, ప్రభుత్వానిది. అడగాల్సింది వాళ్లనే.

కాబట్టి వచ్చే గ్రామసభలో ప్రతి ఊరి నుంచీ ఒక అర్జీ వెళ్లాలి. మన పంచాయతీ పరిధిలో అభయారణ్యం హద్దులో పడిన సర్వే నంబర్లు ఏవి, ఒక్కొక్క నంబరు మీద దాఖలైన దావాలెన్ని, తేలినవెన్ని, పరిహారం ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వాలి? ఈ వివరాలు గ్రామసభ తీర్మానంగా రాయించి కలెక్టరుకు పంపుదాం. పంచాయతీ కార్యదర్శి తీర్మానం పుస్తకంలో ఎక్కించేదాకా కదలొద్దు. దానితోపాటే ఏలూరులోని కలెక్టరేటుకూ వన్యప్రాణి విభాగం అటవీ అధికారికీ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో ఫీజు పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు రాయడం రానివాళ్లకు మేం రాసిపెడతాం.

హక్కు ఉండీ లాయరు ఫీజుకు భయపడి ఊరుకున్నవాళ్లు కైకలూరు కోర్టులోని న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, వరద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

ఇక ఓటు అడగడానికి వచ్చినవాళ్లను, వాళ్లు ఏ పార్టీవాళ్లైనా, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి. "26ఎ సెక్షన్ ఉండగా కాంటూరు ఎలా దించుతారు బాబూ? జాతీయ మండలికి పంపిన ప్రతిపాదన కాగితం చూపించండి. పరిహారానికి బడ్జెట్లో పెట్టిన పద్దు చూపించండి. హక్కుల విచారణ ఎప్పటికి ముగిస్తారో తేదీ చెప్పండి." కోర్టును తిట్టి తప్పించుకోబోతే, తిట్లకు ఓటు లేదని మర్యాదగా చెప్పండి. కోర్టు తీర్పు మనకు నష్టమనిపిస్తే రివ్యూ ఉంది, అప్పీలు ఉంది, కొత్త చట్టం కోరుతూ పార్లమెంటు సభ్యుణ్ణి నిలదీసే హక్కుంది. ఆ దారులన్నీ వాడదాం. చెరువు గట్టు మీద రాళ్లు పట్టుకుని నిలబడమని ఎవరు రెచ్చగొట్టినా పోవద్దు. కేసులు మన మీద పడతాయి, రెచ్చగొట్టినవాడు బెయిలు కాగితం దగ్గర కనబడడు.

యువకులకు ప్రత్యేకంగా చెబుతున్నాం. వాట్సాప్‌లో జడ్జీ ఫొటో మీద బూతు వస్తే ముందుకు పంపకండి. దాని బదులు తీర్పు తెచ్చుకుని చదవండి. సుప్రీంకోర్టు తన తీర్పుల్లో చాలావాటిని తెలుగులోకి కూడా అనువదింపజేస్తోంది. అర్థం కాని చోట మన మండలంలోని లాయరు బాబులను పట్టుకోండి. కాదనరు.

మండవల్లి సెంటరులో, భైరవపట్నంలో, పులపర్రులో, లంక గ్రామాల రేవుల దగ్గర మా వాళ్లు అర్జీ కాగితాలతో ఉంటారు. మీ సర్వే నంబరు, పట్టా లేదా పాసుపుస్తకం నకలు తీసుకుని రండి. అర్జీ చదివి, నచ్చితేనే సంతకం చేయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఆ కాగితం మీదే రాయండి, అది కూడా కలెక్టరుకు పంపుతాం. ఈ కరపత్రం చదివాక పారేయకుండా పక్కింటివాళ్లకు ఇవ్వండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

ఇట్లు,
మండవల్లి మండల పౌరులు